ఫిట్టరా, వెల్డరా? తొందరగా చెప్పు

నాకు ఎలక్ట్రీషియన్ కావాల్సింది. 1994 వానాకాలం, అనంతపురంలో ఐటీఐ సీట్లు ఇచ్చే రోజు. హాల్లో ఒక నల్లబోర్డు, దాని మీద ట్రేడుల పేర్లు, పక్కన మిగిలిన సీట్లు చాకుపీసుతో అంకెల్లో. పదో తరగతి మార్కుల ప్రకారం ఒక్కొక్కరినీ పిలిచేకొద్దీ గుమస్తా పాత అంకె చెరిపి కొత్తది వేస్తున్నాడు. నా కళ్ళు ఎలక్ట్రీషియన్ పక్కనున్న అంకె మీదే. 5 అయింది, 3 అయింది, నా ముందు కూర్చున్న కళ్ళద్దాల అబ్బాయి లేచి వెళ్ళొచ్చాక సున్నా అయింది. అప్పుడు పిలిచారు నా పేరు.

"ఫిట్టరా, వెల్డరా? తొందరగా చెప్పు," అన్నాడు గుమస్తా తలెత్తకుండా.

నేను నోరు తెరిచేలోపు మా నాయన అందుకున్నాడు. చేన్లో చెనక్కాయ కలుపు కూలీలకు అప్పజెప్పి, భుజాన తుండుగుడ్డతో వచ్చినాడు పాపం. "రెండిట్లో ఏది పెద్ద చదువు సామీ?"

"వెల్డర్ ఒక సంవత్సరం. ఫిట్టర్ రెండు."

"అయితే రెండేండ్లదే రాసుకో."

అట్లా నేను ఫిట్టర్నయ్యాను. బస్సులో ఊరికి పోయేటప్పుడు నాయన అడిగాడు, "ఇంతకీ ఫిట్టరంటే ఏం చేస్తార్రా?" నాకూ తెలియదు. "బిగిస్తారు," అన్నాను. "ఏం బిగిస్తారు?" "అన్నీ." ఆయన తృప్తిగా తలూపి కిటికీలోంచి ఎవరి చేను ఎట్లుందో చూసుకుంటూ కూర్చున్నాడు.

ఎలక్ట్రీషియన్ మీద ఆశ ఎందుకంటే మా బోరు మోటారు. ఏడాదికి రెండుసార్లన్నా కాలేది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, ఓల్టేజి పడిపోయినా మోటారు బరువు మోయలేక ఎక్కువ కరెంటు లాగుతుంది, లోపల తీగ వేడెక్కి మాడుతుంది. ఇదంతా తర్వాత చదువుకున్నది. అప్పటికి నాకు తెలిసిందల్లా, పైపులన్నీ పీకి మోటారు బయటికి తీసి టౌనుకు తీసుకుపోతే, వైండింగ్ షాపులో ఒకాయన స్టూలు మీద కూర్చుని నల్లగా మాడిన తీగల చుట్టలను కత్తిరించి పారేసి, మళ్ళీ నిగనిగలాడే తీగ చుట్టేవాడు. ఆయన చేతుల్ని చూస్తూ మధ్యాహ్నం బువ్వ కూడా మర్చిపోయేవాణ్ణి. నా ఇష్టం అదీ. దాన్ని అడిగినవాళ్ళెవరూ లేరు. నేనూ చెప్పలేదు.

మా బ్యాచ్‌లో పేర్లు హాజరు పట్టీలోనే ఉండేవి. బయట అందరం ఊర్లమే. ఉరవకొండ, తాడిపత్రి, శింగనమల, కూడేరు, రాప్తాడు. ఒకే ఊరి నుంచి ఇద్దరొస్తే పెద్ద ఉరవకొండ, చిన్న ఉరవకొండ. ఈ రోజుకీ కొందరి అసలు పేర్లు గుర్తు తెచ్చుకోవాలంటే ఆలోచించాల్సిందే. అందుకే ఇక్కడా ఊర్లే రాస్తున్నా.

ఫిట్టర్ షెడ్డులో 16 మందిమి. బెంచీల మీద వైసులు, అంటే ఇనుమును కదలకుండా దవడల మధ్య బిగించి పట్టేవి. వైసు దవడ మనిషి మోచేతి ఎత్తుకు సరిపోవాలి, లేకపోతే నడుము పోతుందని మా సారు మొదటి రోజే ఒక్కొక్కరినీ నిలబెట్టి చూశాడు. కూడేరువాడు పొట్టి. వాడి కాళ్ళ కింద ఒక చెక్క పలక వేయించాడు. ఆ పలకను వాడు రెండేండ్లూ సింహాసనంలా కాపాడుకున్నాడు, ఎవణ్ణీ ఎక్కనిచ్చేవాడు కాదు.

మొదటి నెల మొత్తం ఆకురాయి పని, అంటే ఫైలింగ్. ఒక ఇనప పలక ఇస్తారు, దాన్ని రుద్ది చదును చేయాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంతే. మొదటి రోజు సారు ఆకురాయిల రకాలు చెప్తూ, "రఫ్, ఆ తర్వాత బాస్టర్డ్..." అనగానే వెనక బెంచీ పగలబడి నవ్వింది. సారు నవ్వలేదు. "అది పళ్ళ రకం పేరు. రఫ్‌కూ సెకండ్ కట్‌కూ మధ్యది. నవ్వినోళ్ళందరికీ ఈ నెలంతా అదే," అన్నాడు. నవ్వనివాళ్ళకూ అదే ఇచ్చాడనుకోండి.

తోసేటప్పుడు బరువు వేయాలి, వెనక్కి లాగేటప్పుడు వదిలేయాలి. పళ్ళు ముందుకే కోస్తాయి. పళ్ళలో ఇనప పొట్టు ఇరుక్కోకుండా చాకుపీసు రుద్దాలి. వారానికి అరచేతుల్లో బొబ్బలు లేచి, పగిలి, గట్టిపడ్డాయి. ఆ నెలలోనే ఎవడి స్వభావం ఏంటో బయటపడింది. రాప్తాడువాడు పావుగంటకోసారి మూలమట్టం పెట్టి వెలుతురుకు ఎత్తి చూసేవాడు, రుద్దేదాని కన్నా చూసేదే ఎక్కువ. కూడేరువాడు అసలు చూసేవాడు కాదు, మధ్యాహ్నానికి పలక సగం అరగదీసేవాడు. నేనేమో కిటికీ పక్క బెంచీ. కిటికీ అవతల ఎలక్ట్రికల్ షెడ్డు.

మధ్యాహ్నం క్యారియర్లు తెరిచేది వేపచెట్టు కింద. జొన్నరొట్టె, చెనక్కాయల చట్నీ, సద్ది. డబ్బులున్న రోజు గేటు బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జి. అక్కడ ఎవడు ఏ ట్రేడో అడగకుండానే చెప్పొచ్చు.

వెల్డర్లు గట్టిగా మాట్లాడతారు. షెడ్డులో సుత్తి దెబ్బల మధ్య అలవాటైన గొంతు, చెట్టు కిందికొచ్చినా తగ్గదు. చొక్కాలకు నిప్పురవ్వల చిల్లులు, వాటిని దాచుకోకపోగా లెక్కపెట్టుకునేవాళ్ళు. టర్నర్లకు షోకు ఎక్కువ. లేత్ మీద మెలికలు తిరిగి వచ్చే ఇనప చుట్టల్లో నీలిరంగు తేలినవి ఏరుకొచ్చి చూపించేవాళ్ళు. డ్రాఫ్ట్స్‌మన్ పిల్లలు చేతులు కడుక్కుని, చేతిరుమాలు పరిచి, దాని మీద కూర్చునేవాళ్ళు. వాళ్ళ చొక్కాలు సాయంత్రం దాకా తెల్లగానే ఉండేవి. మాకు వాళ్ళంటే కొంచెం కడుపుమంట, ఒప్పుకోవాల్సిందే. ఎలక్ట్రీషియన్లు అనుమానపు మనుషులు. కరెంటు పోయిందని నువ్వు చెప్తే నమ్మరు. టెస్ట్ ల్యాంప్ పెట్టి చూస్తారు. చూశాక, ల్యాంపు బాగుందో లేదో ఇంకో చోట పెట్టి చూస్తారు. ఈ బుద్ధి మాటల్లోకి కూడా వచ్చేది. "రేపు సెలవంట" అంటే "ఎవరు చెప్పినారు? నోటీసు చూసినావా?" అనేవాళ్ళు.

మేము ఫిట్టర్లం ఎట్లుండేవాళ్ళమో మాకు తెలియదు. తాడిపత్రివాడు మాత్రం, "మీరు నిదానస్తులు ప్పా, ఇడ్లీ కూడా నాలుగు పక్కలా చూసి తింటారు," అనేవాడు.

ఆ తాడిపత్రివాడు వెల్డర్. ఉరవకొండ ఎలక్ట్రీషియన్. ముగ్గురం పాతూరులో ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఇంటి ఓనరు వాళ్ళ జేజి వరండాలో మంచం మీదే ఉండేది, మా ముగ్గురి రాకపోకల లెక్క ఆమె దగ్గర ఉండేది.

ఒక రాత్రి తాడిపత్రి లేచి కూర్చుని ఏడుస్తున్నాడు. వాడు ఏడవడం చూడటం అదే మొదటిసారి. "కండ్లలో ఇసక పోసినట్టుంది ప్పా, తెరవలేకుండా ఉండా." పగలు నల్లద్దం లేకుండా ఆర్క్ వైపు చూశాడట. ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. అప్పటికప్పుడు ఏమీ తెలియదు, కొన్ని గంటలయ్యాక, సరిగ్గా నిద్రపోయే వేళకు మొదలవుతుంది. జేజి మా అలికిడి విని ఉర్లగడ్డ చక్రాలుగా కోసి కండ్ల మీద పెట్టింది. పని చేసిందో లేదో గానీ చల్లగా ఉందన్నాడు.

"అద్దం ఎందుకు పెట్టుకోలేదురా?" అనడిగితే వాడు చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ ఇష్టం. "అద్దంలో నుంచి అంతా పచ్చగా కనపడతాది ప్పా. కరిగిన ఇనుము నిజం రంగు ఏందో చూద్దామని." చూసిన రంగేంటో చెప్పమన్నాం. "చూసే లోపల కండ్లు మూసుకున్యా."

తెల్లారి కళ్ళు వాచినా షెడ్డుకు పోయాడు. వాడి చదువు ఒక్క సంవత్సరంలో అయిపోయింది. అది అయ్యేలోపే, బండల పాలిషింగ్ మిషన్లకు ఏ భాగం ఎక్కడ విరుగుతుందో వాళ్ళ ఊళ్ళో తిరిగి కనుక్కుని, ఆదివారాలు పోయి అతికించి డబ్బులు తెచ్చుకునేవాడు. మాకు సినిమా ఖర్చు వాడిదే. నాలుగు మిల్లీమీటర్ల రాడ్డు ఎప్పుడు, 3.15 రాడ్డు ఎప్పుడు వాడాలో మాకు బోధించేవాడు కాదు, ఏ రాడ్డుతో అయితే ఎంత మిగులుతుందో చెప్పేవాడు.

ఉరవకొండది ఇంకో లోకం. ఒకసారి వాళ్ళ నాయన కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటారును బస్సు టాపు మీద వేసి పంపించాడు. అది దింపడానికి ముగ్గురం బస్టాండుకు పోయాం. వాళ్ళ సారును బతిమాలుకుని, క్లాసు అయ్యాక షెడ్డులోనే వైండింగ్ చేసుకోవడానికి వాడు ఒప్పించుకున్నాడు. నేను లైటు పట్టుకునే కూలీని.

మాడిన తీగను కత్తిరించే ముందు వాడు నోటుపుస్తకం తీశాడు. స్టేటర్‌లో, అంటే మోటారులో తిరగని భాగంలో, గాడులెన్ని, ఏ గాడి నుంచి ఏ గాడికి చుట్ట పోయింది, చుట్టకు ఎన్ని వరసలు, తీగ గేజి ఎంత, అన్నీ రాసుకున్నాడు. వరసలు లెక్కపెట్టడానికే గంటన్నర. మధ్యలో నేను ఏదో అడిగితే లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు, నన్ను తిట్టలేదు, అసలు నన్ను గమనించనే లేదు. ఈ మోటారు లోపల నీళ్ళు నిండి ఉంటాయి కాబట్టి దీనికి మామూలు ఎనామిల్ తీగ పనికిరాదు, ప్లాస్టిక్ తొడుగున్న తీగ కావాలి. ఆ తీగ కోసం వాడు రెండు వారాలు టీ తాగడం మానేశాడు.

చుట్టడం పూర్తయి, మోటారు బిగించి, స్విచ్ వేస్తే తిరగలేదు. హూఁ అని మూలిగింది. వాడు టక్కున ఆపి కింద కూర్చున్నాడు. ముఖంలో దిగులు లేదు, అది చూసి నాకు ఆశ్చర్యం. ఏదో తీపి పెట్టినట్టు కళ్ళు మెరుస్తున్నాయి. మూడు ఫేజుల చుట్టల్లో ఒకదాని మొదలు, చివర తారుమారయ్యాయని దొరకబట్టేసరికి రాత్రి పదయింది. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి తిట్టిపోయాడు. మార్చి వేశాక మోటారు తిరిగిన చప్పుడుకు నా ఒళ్ళు జలదరించింది. సంతోషంతోనే, కాకపోతే అందులో సగం వాడిది, సగం ఈర్ష్య.

ఇక శింగనమల. వీడు మా ఫిట్టరే. వీడు ఫిట్టరెందుకయ్యాడో ఆ గుమస్తాకే తెలియాలి. ఇనుము మీద గీత కనపడాలంటే ముందు మైలుతుత్తం నీళ్ళు పూస్తాం. పూయగానే ఇనుము మీద సన్నటి రాగి పొర ఎక్కుతుంది. దాని మీద స్క్రైబర్‌తో గీస్తే కింది ఇనుము తెల్లగా మెరుస్తుంది. మేమంతా కొలతల గీతలు గీసేవాళ్ళం. వీడు ఒక మధ్యాహ్నం లేపాక్షి నందిని గీశాడు. ఎర్రటి రాగి మీద వెండి గీతలతో నంది, మెడలో గంటల దండ, ఒక్కో గంటా వేరుగా కనపడేట్టు. సారు వెనక వచ్చి నిలబడ్డది వాడు చూసుకోలేదు.

"గవర్నమెంటు ఇనుము రా ఇది," అన్నాడు సారు. పలక లాక్కుని, వాడికి కొత్త పలక ఇచ్చి, మూడు రోజుల పని మళ్ళీ చేయించాడు. ఆ నంది పలక మాత్రం తుక్కులోకి పోలేదు. రెండో సంవత్సరంలో వెర్నియర్ అనే కొలత పనిముట్టు కోసం సారు డ్రాయరు తెరిచినప్పుడు, గుడ్డలో చుట్టి, తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంది. నేను చూసినట్టు ఆయనకు చెప్పలేదు, శింగనమలకూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో. చెప్పుండాల్సింది.

నా సంగతికొస్తే, రెండో ఏడు స్క్వేర్ ఫిట్ జాబ్ ఇచ్చారు. ఒక పలకలో చతురస్రపు బొక్క, అందులో సరిగ్గా పట్టే చతురస్రపు ముక్క. ముందు బొక్క లోపల వరసగా రంధ్రాలు వేసి, ఉలితో తుక్కు కొట్టేసి, మిగిలింది ఆకురాయితో నాలుగు పక్కలా తేవాలి. వెర్నియర్ 0.02 మిల్లీమీటర్ల దాకా చూపిస్తుంది, చేయి అంతకన్నా ముందే చెప్పాలి అనేవాడు సారు. ముక్క ఏ వైపు తిప్పి పెట్టినా పట్టాలి. పట్టించి వెలుతురుకు ఎత్తితే ఎక్కడా సందు కనపడకూడదు.

నాలుగు రోజులు చేశాను. మూడు మూలలు నాకే ముద్దొచ్చేంతగా కుదిరాయి. నాలుగో మూల చేస్తున్న రోజు కిటికీ అవతల ఎలక్ట్రీషియన్లకు స్టార్ డెల్టా స్టార్టర్ విప్పి చూపిస్తున్నారు. మోటారు మొదట నిదానంగా ఎత్తుకుని, తర్వాత టక్‌మని మారి వేగం అందుకుంటుంది. ఆ టక్ కోసం చెవి పెట్టి తోస్తున్నాను. రెండు తోపులు ఎక్కువ పడ్డాయి. ఇనుములో నుంచి తీసింది మళ్ళీ పెట్టలేం కదా.

సారు ఎత్తి చూశాడు. ఆ మూలలో వెలుతురు సన్నగా గీతలా వస్తోంది. సందులు కొలిచే ఫీలర్ గేజిలో 0.10 మిల్లీమీటర్ల రేకు దూరింది. నన్ను చూశాడు, కిటికీ చూశాడు.

"మూడు మూలలు నీవి. నాలుగోది ఎవరిదిరా?"

1996లో పరీక్ష రాశాం. సర్టిఫికెట్ వచ్చాక రైల్వేలో, ఆర్టీసీ డిపోల్లో అప్రెంటిస్‌కు అర్జీలు. కొన్నాళ్ళు ఒక కాంట్రాక్టరు దగ్గర పని, జీతంలో సగం ఇప్పటికీ రావాలి. ఆ రోజుల గురించి రాయడానికి ఏమీ లేదు. చివరికి నేను ఐటీఐలోనే బోధించే ఉద్యోగంలో పడ్డాను, అంటే మా సారు కుర్చీలాంటి కుర్చీలో.

ఆ ఉద్యోగానికి శిక్షణ హైదరాబాదు విద్యానగర్‌లో. పగలు వర్క్‌షాపు, మధ్యాహ్నం తర్వాత బోధనా పద్ధతుల క్లాసు. ఆ క్లాసులో ఒకాయన బోర్డు మీద ఆరు మూలల బొమ్మ గీసి, జాన్ హాలండ్ అనే అమెరికా మనస్తత్వవేత్త గురించి చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరేవాళ్ళను ప్రశ్నలడిగి ఎవరిని ఏ పనిలో వేయాలో రాసే ఉద్యోగం చేశాడట హాలండ్. మనుషులు కొన్ని రకాలుగా విడిపోతారని అక్కడే అనిపించిందట. 1959లో ఆ సిద్ధాంతం అచ్చువేశాడు. పనిముట్లతో పనిచేసేవాళ్ళు, ఎందుకు ఏమిటి అని తవ్వేవాళ్ళు, కళ చేతిలో ఉన్నవాళ్ళు, మనుషులతో మెలిగేవాళ్ళు, బేరం నడిపేవాళ్ళు, పద్ధతి తప్పనివాళ్ళు. ఆరు రకాలు, ఆరు మూలలు, ఒక్కో రకానికి ఒక ఇంగ్లీషు అక్షరం. పక్కపక్క మూలలవాళ్ళకు పోలికలెక్కువ, ఎదురెదురు మూలలవాళ్ళకు తక్కువ.

నాకు గుమస్తా నల్లబోర్డు గుర్తొచ్చింది. ఆరు మూలల్లో మొదటిదాని కింద, అంటే పనిముట్ల మూల కింద, క్లాసు చెప్పే ఆయన ఉదాహరణలు రాశాడు: ఫిట్టర్, వెల్డర్, టర్నర్, ఎలక్ట్రీషియన్. అందరమూ ఒకే మూలలో! తాడిపత్రి, ఉరవకొండ, శింగనమల ముగ్గురినీ ఒకే గంపలో వేస్తే ఎట్లా అని చెయ్యెత్తి అడిగాను, ఊర్ల పేర్లు చెప్పలేదనుకోండి. ఆయన నవ్వి, ఒక మనిషికి ఒకే అక్షరం కాదు, మూడు అక్షరాలు కలిపి చూడాలని హాలండే చెప్పాడన్నాడు. అప్పుడు కుదిరింది. ఉరవకొండకు పనిముట్ల పక్కన తవ్వేగుణం. తాడిపత్రికి పనిముట్ల పక్కన బేరం. శింగనమలకు కళ ముందు, పనిముట్లు ఆ తర్వాతెక్కడో.

చివర్లో మాకూ ప్రశ్నల కాగితాలు ఇచ్చారు, ఏ పని ఇష్టం, ఏది కాదు అని టిక్కులు పెట్టాలి. లెక్క వేసుకుంటే నాకు అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది మనుషులతో మెలిగే రకం. బొమ్మలో చూస్తే అది పనిముట్ల మూలకు సరిగ్గా ఎదురుగా ఉంది. పక్క సీటులో కూర్చున్న కర్నూలు ఆయన నా కాగితం చూసి, "పదేండ్లు తప్పు గుడిలో గంట కొట్టినావ్ ప్పా," అన్నాడు. ఎలక్ట్రీషియన్ అయ్యుంటే సరిపోయేదని అన్నేళ్ళు అనుకున్నవాణ్ణి. ఆ లెక్కన అదీ కాదు. ఆ రాత్రి హాస్టల్లో ఆలోచిస్తే, వైండింగ్ షాపులో నేను గంటలు గంటలు చూసింది తీగనా, ఆ స్టూలు మీద ఆయన్నా అని అనుమానమొచ్చింది. ఆయన పని చేస్తూ వచ్చినవాళ్ళందరి బోరు కథలూ వినేవాడు.

తిరిగొచ్చాక కొత్త బ్యాచ్‌కు మొదటి రోజు ఆకురాయి ఇవ్వను. ముందు ఒక ప్రశ్న అడుగుతాను: ఇంట్లో నువ్వు విప్పి, మళ్ళీ బిగించలేకపోయిన వస్తువు ఏంటి? గడియారం, టేప్ రికార్డర్, సైకిల్ ఫ్రీ వీల్, ఈ మధ్య ఫోన్లు. ఒకడు వాళ్ళ తాత వినికిడి మిషను అన్నాడు, ఆయన ఇంకా వాడితో మాట్లాడటం లేదట. ఏమీ విప్పలేదు అనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళతోనే నాకు ఎక్కువ పని. సీట్లు ఇచ్చేది నేను కాదు, ట్రేడు మార్చగలిగిందీ కొద్దిమందికే. కాకపోతే ఎవడు దేనికి కిటికీ వైపు చూస్తాడో తెలుస్తుంది.

2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టాక, ఫిట్టర్ అంటే ఏం బిగిస్తార్రా అని అడిగే నాయనలు తగ్గారు. ఆడపిల్లల అర్జీలు కూడా వస్తున్నాయి. మగవాళ్ళు వస్తువుల వైపు, ఆడవాళ్ళు మనుషుల వైపు మొగ్గుతారని 5 లక్షల మందికి పైగా మనుషుల జవాబులు కలిపి చూసిన ఒక సమీక్ష 2009లో వచ్చింది. లెక్క నిజమే కావచ్చు. సగటు లెక్క అది. మా ఇంట్లో స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చారు గానీ మా చెల్లెలి చేతికి ఎప్పుడూ ఇవ్వలేదన్నది కూడా లెక్కలోకి రావాలి కదా.

అట్లా వచ్చినవాళ్ళలో ఒక ధర్మవరం పిల్ల. నేతపనివాళ్ళ ఇల్లు. నా ప్రశ్నకు, "జాకార్డు సార్," అంది. మగ్గం పైన అట్టల మాల తిరుగుతూ ఉంటుంది. అట్టలో బొక్క ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు, చీర అంచు మీద పూవో నెమలో అట్లా వస్తుంది. ఒకరోజు నెమలి ముక్కు వంకర పడుతోంటే, వాళ్ళ నాయన బయటికి పోయినప్పుడు ఈ పిల్ల పైకెక్కి విప్పింది. "మళ్ళీ బిగించినావా?" "బిగించినా సార్. నెమలి తలకిందులుగా వచ్చింది." క్లాసంతా నవ్వింది, ఆమె కూడా నవ్వింది.

ఆ పిల్ల ఆకురాయి పడితే చప్పుడే వేరు. తొందరా లేదు, విసుగూ లేదు. మగ్గం దగ్గర తెగిన పోగు వెతికి అతికిన వేళ్ళు కదా. రాప్తాడువాడిలా పావుగంటకోసారి చూడదు, కూడేరువాడిలా చూడకుండానూ ఉండదు.

పాతవాళ్ళు అప్పుడప్పుడు కలుస్తారు. తాడిపత్రికి గేట్లు, గ్రిల్స్ షాపు, కింద ఎనిమిది మంది పనివాళ్ళు. అందరికీ నల్లద్దం పెట్టుకోకపోతే జీతం కోత. ఉరవకొండ వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. ఫోన్ చేసి వస్తాండా అంటే, "బస్సెక్కినావా, ఎక్కినాక చెప్పు," అంటాడు. శింగనమల అప్రెంటిస్ మధ్యలో వదిలేసి సైన్‌బోర్డులు రాశాడు, ఫ్లెక్సీలొచ్చి ఆ పని మింగేశాయి. ఇప్పుడు స్టీలు సామాన్ల అంగడి ముందు స్టూలేసుకుని గిన్నెల మీద పేర్లు చెక్కుతాడు. మా ఇంట్లో పెండ్లికొచ్చిన చెంబు మీద పేరు చెక్కించడానికి పోతే డబ్బులు తీసుకోలేదు. పేరు కింద చిన్న నంది కూడా చెక్కాడు. అప్పుడు చెప్పాను, సారు డ్రాయరు సంగతి. వాడు మిషను ఆపాడు. కాసేపు చెంబును అటూ ఇటూ తిప్పి, "నూనె రాసినాడా?" అన్నాడు. రాశాడన్నాను.

మొన్న స్క్వేర్ ఫిట్ చెప్పే రోజు వచ్చింది. నా పాత ముక్కను టూల్‌బాక్సులో నుంచి తీశాను. పలక మీద గుద్దిన నా రోల్ నంబరు ఇంకా కనపడుతూనే ఉంది. ఎట్లా పట్టాలో చూడండి అని అందరి చేతులకూ ఇచ్చాను. ఒక్కొక్కరూ తిప్పి చూసి, బాగుంది సార్ అని పక్కవాడికి ఇస్తున్నారు. ధర్మవరం పిల్ల మాత్రం తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది, ఒక కన్ను మూసి వెలుతురుకు ఎత్తింది, నాలుగు వైపులా తిప్పింది.

"సార్, ఈ మూలలో వెలుగు పోతాంది."

"తెలుసు మ్మా," అన్నాను. "1996 నుంచీ పోతాంది."